పుట్టుక, పెంపకము, పేరు: మన కావ్యములలో మనుష్య ప్రవర్తన

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదని మన పెద్దలు చెప్పిరి. ఆరు నెలలు సావాసము చేసినచో వారు వీరగుదురనియు ఆ పెద్దలే చెప్పిరి. ఒకటి నిజమైనచో రెండవది అబద్ధము కావలెను గదా! అయినను మన జనులు రెండు సామెతలను తరతరములుగా భద్రపరచుకొనిరి. చెడినవాడు తమ బిడ్డయైనచో సావాసదోషమనియు, పొరుగింటి బిడ్డయైనచో పుట్టుబుద్ధి యనియు వారు ఈ రెండింటిని అవసరమును బట్టి వాడుకొనిరి. ఈ వాడుకలోనే సమస్య యంతయు ఇమిడియున్నది. మనుష్యుని నడవడికి కారణము వెదకునపుడు మనము నిజమునకై వెదకుచున్నామా, లేక మనకు అనుకూలమైన తీర్పునకై వెదకుచున్నామా?

ఈ ప్రశ్నను మన కవులు ఎట్లు ఎదుర్కొనిరో మూడు గ్రంథములను ముందుంచుకొని పరిశీలించుట ఈ వ్యాసము నుద్దేశము. మొదటిది ఆంధ్ర మహాభారతములోని కర్ణుని కథ; రెండవది తెనాలి రామకృష్ణుని పాండురంగ మాహాత్మ్యములోని నిగమశర్మోపాఖ్యానము; మూడవది బుచ్చిబాబు నవల ‘చివరకు మిగిలేది’. ఈ మూడును చదివినపుడు పుట్టుక, పెంపకము అను రెండింటితోపాటు మూడవది యొకటి కలదని నాకు తోచినది. అది పుట్టుకను గూర్చి లోకము పెట్టిన పేరు. ఆ పేరు రక్తములో లేదు. కాని రక్తముకంటె గట్టిగా మనుష్యుని పట్టుకొనును.

ముందుగా శాస్త్రజ్ఞుల మాట సంగ్రహముగా చూతము. గ్రెగర్ మెండెల్ బటానీ మొక్కలపై చేసిన పరిశోధన 1866లో అచ్చయినది. దాని విలువను లోకము గుర్తించినది 1900లో. ఈ నడుమ ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ 1869లో ఒక గ్రంథము వ్రాసి, ప్రతిభ వంశములలో దిగివచ్చునని వాదించెను. ఆయన ఎన్నుకొన్నవి న్యాయమూర్తుల యొక్కయు, ఇతర ప్రముఖుల యొక్కయు కుటుంబములు. ఆ కుటుంబములలో రక్తముతోపాటు ఆస్తియు, చదువును, పలుకుబడియు దిగివచ్చుచుండెనను సంగతికి ఆయన తగినంత విలువ ఈయలేదు. దీనికి ఎదురుగా అమెరికాలో జాన్ వాట్సన్ 1920ల దశకములో మరియొక కొసకు పోయెను. ఆరోగ్యవంతులైన పసిబిడ్డలను తన చేతికిచ్చి, తాను కోరిన పరిసరములలో పెంచనిచ్చినచో, వారిలో ఎవరినైనను వైద్యునిగనో దొంగగనో తీర్చగలనని ఆయన ప్రకటించెను. నిదర్శనములను మించి మాటాడుచున్నానని ఆయనయే అక్కడ ఒప్పుకొనెను. కాని లోకము మొదటి మాటను పట్టుకొని రెండవ మాటను విడిచినది.

ఈ రెండు వాదములును ఏల నిలువలేదో ఒక వ్యాధిని చూచిన తేటపడును. 1934లో నార్వే దేశమున ఫోలింగ్ అను వైద్యుడు ఫినైల్‌కీటోన్యూరియా అను రోగమును గుర్తించెను. తల్లినుండియు తండ్రినుండియు లోపముగల జన్యువు సంక్రమించిన బిడ్డ శరీరమునకు, ఆహారములోని ఫినైల్అలనిన్ అను పదార్థమును మార్చుకొను శక్తి యుండదు. అది పేరుకొని మెదడును చెరచును. అట్టి బిడ్డకు ఆ పదార్థము మిక్కిలి తక్కువగానుండు ఆహారమును పుట్టిన కొలది దినములనుండియే ఇచ్చుచు వచ్చినచో, బుద్ధిమాంద్యము రాకుండ కాపాడవచ్చునని 1950ల తరువాత తెలిసినది. ఇప్పుడు ఈ బుద్ధిమాంద్యము వంశమువలన వచ్చినదా, ఆహారమువలన వచ్చినదా? ఆ జన్యువు లేనిచో ఆ ఆహారము హాని చేయదు. ఆ ఆహారము లేనిచో ఆ జన్యువు మెదడును చెరచలేదు. రెండింటిలో ఏది కారణమను ప్రశ్నయే ఇచ్చట అర్థహీనమగుచున్నది.

కవలలపై 50 ఏండ్లుగా జరిగిన పరిశోధనలను, అనగా 2,748 ప్రచురణలను, ఒకచోట కూర్చిన సమీక్ష యొకటి 2015లో వెలువడెను. మనుష్య లక్షణములలోని భేదములలో సగటున 49 శాతము వంశానుగతమని అందు తేల్చిరి. ఈ అంకెను చూచి, నాలో సగము మా తాతది, సగము మా ఊరిది అని ఎవరును అనుకొనరాదు. అది ఒక జనసముదాయములో మనుష్యునికిని మనుష్యునికిని గల భేదమును గూర్చిన లెక్క. ఒక మనుష్యుని రెండు ముక్కలు చేయు లెక్క కాదు. ఒకే విద్వాంసుడు పది మృదంగములను వాయించినచో నాదభేద మంతయు మృదంగములది. పదిమంది విద్వాంసులు ఒకే మృదంగమును వాయించినచో భేద మంతయు చేతులది. నాదము మాత్రము ఎన్నడును రెండింటిది. ఈ ఎరుకతో మన కావ్యములను తెరచినచో, పూర్వులు వేసిన చిక్కుముడులు కొంత కొత్తగా కనబడును.

కర్ణుని కథ మన కందరకు తెలిసినదే. కుంతికి సూర్యుని వరమున సహజ కవచకుండలములతో పుట్టి, పెట్టెలో పెట్టబడి నదిలో విడువబడి, సూతుడైన అతిరథుని ఇంట రాధ చేతులలో పెరిగెను. క్షత్రియ రక్తము దాగదనుటకు ఈ కథను దృష్టాంతముగా చూపుట మనలో పరిపాటి. పరశురాముని వృత్తాంతమును కూడ దానికి జతచేయుదురు. బ్రాహ్మణుడనని చెప్పి శిష్యుడుగా చేరిన కర్ణుని తొడను పురుగు తొలిచినను, గురువునకు నిద్రాభంగమగునని అతడు కదలలేదు. ఇంతటి ఓర్పు బ్రాహ్మణునకు ఉండదని గురువు నిశ్చయించి శపించెను. ఈ నిర్ణయము ఆ కథలో నిజముగనే తగిలినది. కాని పద్ధతి సరియైనదా? ఒక గుణమును చూచి కులమును ఊహించుట, ఒక కులమును చూచి గుణమును ఊహించుట, ఈ రెండును ఒకే త్రోవకు రెండు కొసలు. ఒకసారి నిజమైన ఊహ నూరుసార్లు అన్యాయము చేయగలదు. ఓర్పునకు మెచ్చవలసిన చోట శాపము వచ్చుటయే దానికి సాక్ష్యము.

కర్ణుని జీవితమును మలుపు త్రిప్పిన ఘట్టము కుమారుల అస్త్రవిద్యా ప్రదర్శనము. అర్జునుడు చూపిన విద్య నంతయు తానును చూపి, కర్ణుడు ద్వంద్వయుద్ధమునకు పిలిచెను. అప్పుడు కృపుడు నీ కుల మేది, నీ తలిదండ్రు లెవరని అడిగెను. కర్ణుడు తల వంచుకొనెను. ఆ క్షణమున అతని రక్తము మారలేదు, అతని విద్య తరగలేదు, పెంచిన తల్లి ప్రేమ తరగలేదు. అయినను అతడు ఓడిపోయెను. అతనిని ఓడించినది ఒక ప్రశ్న. అప్పుడు దుర్యోధనుడు లేచి, శూరుల పుట్టుకను నదుల పుట్టుకను వెదకరాదని వాదించెను. వాదము గొప్పది, కాని వాది ఎవడు? పుట్టుకతో పనిలేదన్న ఆ నోటనే, ఆ లోటు తీర్చుటకై అంగరాజ్య మిచ్చి క్రొత్త పేరు పెట్టెను. లోకము పెట్టిన పేరును తుడువలేదు. దానిపై మరియొక పేరు వ్రాసెను. ఆ దినమున ధర్మము తెలిసిన పెద్ద లెవరైనను ఆ మాట అనియున్నచో భారత కథ ఎట్లు నడచియుండెడిదో! కర్ణుని స్వామిభక్తికి మూలము క్షత్రియ రక్తమునందు లేదు, సూతగృహ సంస్కారమునందును లేదు. ఆ సభలో తగిలిన గాయమునందును, దానికి మందు వేసిన చేతియందును కలదు.

తన జన్మరహస్యము ఉద్యోగ పర్వములో కృష్ణుని నోట విన్నపుడు కర్ణుడు ఏమి చేసెను? రక్తము పిలిచినది, అతడు పోలేదు. తన్ను చూచి పాలు చేపిన రాధను, జాతకర్మ చేసిన అతిరథుని, సూతకులమున పెండ్లాడిన భార్యలను, వారియందు కలిగిన సంతానమును తలచి, సామ్రాజ్యమును కాదనెను. రక్తము దాగదని చెప్పువారు ఈ ఘట్టమును విడిచి చదువుచున్నారు. పుట్టుక ఇచ్చిన శక్తి, పెంపకము ఇచ్చిన మమత, పేరు చేసిన గాయము, ఈ మూడును కలిసి కర్ణుడైనవి. వీనిలో ఏ ఒక్కటి తీసివేసినను మిగులువాడు కర్ణుడు కాడు.

కర్ణునకు పుట్టుక యెరుగని పెంపకము. నిగమశర్మకు పుట్టుకయు పెంపకమును రెండును మేలైనవే. సభాపతి యను సదాచార సంపన్నుడైన బ్రాహ్మణునకు పుట్టి, వేదశాస్త్రములు చదివి, ఇంటినిండ ఆస్తి కలిగియుండియు, నిగమశర్మ విటుడై వేశ్యలకు ధన మొడ్డెను. ఇంత చదివిన వంశమున ఇట్టివాడు పుట్టుట ఎట్లు? సావాసదోషమని సులభముగా చెప్పవచ్చును. కాని రామకృష్ణ కవి అంత సులభముగా విడువలేదు. నిగమశర్మ ఇల్లు విడిచినపిదప జరిగిన కథను చూడుడు. దొంగల చేత దెబ్బలు తిని పడియున్న వానిని ఒక రైతు కాపాడి, ఇంటికి కొనిపోయి సాకెను. ఆ ఇంట దుష్ట సాంగత్య మేదియు లేదు. అయినను ఆ రైతు ఇంటికే అతడు ద్రోహము చేసెను. పిమ్మట ఒక ఆటవిక స్త్రీతో కాపురమున్నాడు. సావాసమే కారణమైనచో మంచి ఇంట చేరినప్పుడైనను మారవలెను గదా!

నేటి మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు చెప్పు ఒక సూక్ష్మము ఈ కథలో చక్కగా కనబడుచున్నది. మనుష్యుడు పరిసరములచే తీర్చబడువాడు మాత్రమే కాడు. తన స్వభావమునకు తగిన పరిసరములను తానే వెదకికొనువాడు కూడ. చదువు రుచించిన బాలుడు పుస్తకమున్న ఇంటికి పోవును. జూదము రుచించిన బాలుడు పాచికలున్న చావడికి పోవును. తరువాత ఆ చావడియే వానిని చెరచెనని మనము చెప్పుదుము. అది సగము నిజము. చావడికి నడిపించిన కాళ్ళు వానివే. అయినను చావడి లేని ఊరిలో ఆ కాళ్ళు మరియొక దారి పట్టియుండవచ్చునన్నది మిగిలిన సగము.

ఈ కథకు ప్రాణము నిగమశర్మ అక్క. ఈమె పాత్ర సౌందర్యమును ‘నిగమశర్మ అక్క’ యను వ్యాసమున తెలుగువారి కండ్లకు కట్టినవారు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు. మైసూరు మహారాజా కళాశాలలో దీర్ఘకాలము తెలుగు బోధించిన ఆ మహనీయుడు కన్నడసీమ నుండి తెలుగు విమర్శకు చేసిన మేలు సామాన్యమైనది కాదు. అత్తవారింటినుండి బిడ్డలతో వచ్చి, తమ్ముని దరిజేర్చి, ఆదరించి, అన్నము పెట్టి, పిదప మెల్లగా మందలించిన ఆ అక్కను మరచుట కష్టము. ఆమెయు సభాపతి బిడ్డయే. ఆ ఇంటనే పెరిగినదే. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే కప్పుక్రింద పెరిగిన ఇద్దరు ఇంత భిన్నులగుట ఎట్లు? జన్యువులు తోబుట్టువులలో ఒకే విధముగా పంచబడవు. ఒకే ఇల్లు ఇద్దరు బిడ్డలకు ఒకే ఇల్లు కాదు. ఒకే కొడుకైన వానికి ఆ ఇల్లు అనుభవింపవలసిన ఆస్తి. అత్తవారింటికి పోవలసిన కూతురికి అది కాపాడవలసిన పరువు.

అక్క మాట తమ్మునిపై పనిచేసినట్లే కనబడెను. కొన్ని దినములు అతడు ఇంట నిలిచెను. పిమ్మట ఒక రాత్రి, అక్క ముక్కరను కూడ విడువక, ఇంటి నగలన్నియు మూటగట్టి పారిపోయెను. అక్క ఓడిపోయినదని విమర్శకులు అందురు. నాకు అట్లు తోచదు. సామెత ఆరు నెలలు అడుగుచున్నది. ఆమెకు దొరకినవి కొలది దినములు. ఏండ్ల తరబడి తానే ఎన్నుకొన్న సావాసము చేసిన పనిని, నాలుగు నాళ్ళ ప్రేమ తుడువలేదు. ఓడినది ప్రేమ కాదు, వ్యవధి.

ఇక మూడవ గ్రంథము. 1940ల దశకములో బుచ్చిబాబు వ్రాసిన ‘చివరకు మిగిలేది’ నవలలో కథానాయకుడు దయానిధి. అతడు చదువుకొన్నవాడు, వైద్యుడు. అతని బాధ యంతయు తన తల్లిని గూర్చి లోకము చెప్పుకొను అపవాదు. తల్లి చేసినదేమో నవల మనకు విప్పి చెప్పుటకంటె, ఆమెను గూర్చి నలుగురు గుసగుసలాడుటను ఎక్కువగా చూపును. ఆమె పోయినను ఆ గుసగుస పోలేదు. పెండ్లిలోను, స్నేహములోను, వృత్తిలోను అతడు ఎక్కడ అడుగు పెట్టినను, అడుగుకంటె ముందు తల్లి కథ చేరియుండును. దూరమైన రాయలసీమకు తరలిపోయినను అది అతని వెంబడించెను.

వైద్యుడైన దయానిధికి శరీరధర్మములు తెలియును. తల్లి నడవడి రక్తముద్వారా కుమారునికి సంక్రమించు రోగము కాదని ఎరుగును. అయినను తన ప్రతి కోరికను తానే అనుమానించుకొనును. లోకము అతనిని తల్లి కొడుకుగా చూచుటచేత, అతడును తన్ను అట్లే చూచుకొనుట నేర్చెను. ఇచ్చట వంశము రక్తముద్వారా దిగిరాలేదు, చెవులద్వారా దిగివచ్చినది. తెలుగు నవలలో బుచ్చిబాబు సాధించిన గొప్ప విషయ మిదియే. వంశమను మాట పరిసరముగా మారుటను, పుట్టుకను గూర్చిన కథయే పెంపకమగుటను ఆయన కనిపెట్టెను. కృపుడు అడిగిన ప్రశ్న సభలో ఒక్కసారి వినబడినది. దయానిధికి అది బ్రదుకంత వినబడుచుండెను.

ఇది కావ్యములకు పరిమితమైన సంగతి యని తలచువారికి ఒక చట్టమును జ్ఞాపకము చేయవలసియున్నది. 1871లో ఆంగ్ల ప్రభుత్వము నేరస్థ తెగల చట్టమును చేసెను. కొన్ని జాతులవారు పుట్టుకచేతనే దొంగలని దాని మూలాభిప్రాయము. 1911 నాటి చట్టముతో అది మద్రాసు రాజధానికిని వ్యాపించి, తెలుగునాట ఎరుకలవారు మొదలగు తెగలపై పడెను. నేరము చేసినను చేయకున్నను పేరు నమోదు చేయించుకొనవలెను. అధికారుల యెదుట హాజరు పలుకవలెను. అనుమతి లేక ఊరు దాటరాదు. నేటి బాపట్ల జిల్లాలోని స్టువర్టుపురము సాల్వేషన్ ఆర్మీ యాజమాన్యమున అట్టి సెటిల్‌మెంటుగా ఏర్పడినదే. ఆ చట్టము బిడ్డలను తలిదండ్రులనుండి వేరుచేసి వేరు బడులలో పెంచుటకును అధికార మిచ్చెను. ఇందలి విరోధమును గమనింపుడు. నేరము రక్తములో ఉన్నదని నమ్మినచో బిడ్డను వేరుచేసి ప్రయోజన మేమి? వేరుచేసినచో బాగుపడునని నమ్మినచో, పుట్టినంతనే దొంగ యను పేరు పెట్టుట ఏల? చట్టము కూడ మన రెండు సామెతలను తనకు కావలసినట్లు వాడుకొన్నది.

1952 ఆగస్టు 31న ఆ చట్టము రద్దయినది. కాని కాగితముపై పేరు కొట్టివేసినంతమాత్రమున ఊరి నోటిలో పేరు కొట్టివేయబడదు. స్టువర్టుపురము వాడనగానే పని ఈయక, అద్దెకు ఇల్లీయక, దొంగతనము జరిగిన చోటెల్ల వానినే వెదకినచో, అతడు దొంగ కాకుండుటయే వింత. గోరాగారి కుమారుడు లవణముగారును, మహాకవి జాషువా కుమార్తె హేమలతా లవణముగారును 1970ల దశకమునుండి ఆ ఊరిలో చేసిన సంస్కార కార్యము ఈ పేరును తుడుచుటకు చేసిన ప్రయత్నమే. వారు ఎవరి రక్తమును మార్చలేదు. మనుష్యులను మనుష్యులుగా పిలిచిరి.

ఇట్లన్నచో మనుష్యునికి బాధ్యతయే లేదా, తప్పంతయు జన్యువులదియు లోకముదియునా అని కొందరు అడుగవచ్చును. నేననునది అది కాదు. అక్క ముక్కరను దొంగిలించిన చేయి నిగమశర్మదే. కారణమును తెలిసికొనుట వేరు, తప్పును మన్నించుట వేరు. చేసినదానికి మనుష్యుడు జవాబుదారి. చేయకముందే వానిపై వేసిన ముద్రకు మాత్రము ముద్ర వేసినవారే జవాబుదారులు.

చివరకు మన సంగతి ఒకటి చెప్పి ముగింతును. తరతరములుగా తమిళసీమలోను, కన్నడసీమలోను, ఉత్కళ మహారాష్ట్రములలోను, యానాములోను నివసించు మనము, తెలుగు మా రక్తములో ఉన్నదని సభలలో గర్వముగా చెప్పుకొనుచున్నాము. మాట తియ్యగానున్నది గాని నిజము కాదు. భాష నేర్చు శక్తి పుట్టుకతో వచ్చును. ఏ భాష యనునది ఒడిలో తెలియును. 1984లో కెనడాలో వెర్కర్, టీస్ అను పరిశోధకులు ప్రకటించిన ఒక పరీక్షను చూడుడు. ఆంగ్లము మాటాడు ఇండ్లలోని పసిబిడ్డలు ఆరు మొదలు ఎనిమిది నెలల ప్రాయమున హిందీలోని తకార టకారముల భేదమును చక్కగా గుర్తించిరి. ఏడాది నిండు నాటికి అట్టి బిడ్డలలో చాలమంది గుర్తింపలేకపోయిరి. అన్ని భాషలకు తెరచుకొని పుట్టిన చెవి, విననివానికి మెల్లగా మూసికొనుచున్నది. సామెత అడిగిన వ్యవధియు ఇంచుమించు ఇదే గదా!

తిరువారూరులో తెలుగు ఇంట పుట్టి, తిరువయ్యారులో సొంఠి వెంకటరమణయ్యగారి శిష్యుడై, కావేరీ తీరమున తెలుగు పాడిన త్యాగయ్యగారి తాత గిరిరాజకవి. ఆ కంఠమున తాతదెంత, గురువుదెంత, కావేరిదెంత అని వేరుచేయగలవా రెవరు? తాత ఒక్కడే చాలడు. ఇంటిలో ఆ మాట వినబడవలెను, వీధిలో ఆ పాటకు చెవి యొగ్గువా రుండవలెను. మన మనుమలు తెలుగు మాటాడనిచో రక్తము పలుచబడెనని నిట్టూర్చుట మాని, వారు పుట్టిన మొదటి యేట ఆ ఇంట ఎన్ని తెలుగు మాటలు వినబడినవో లెక్క చూచుకొందము. వచ్చీరాని తెలుగు పలికిన బిడ్డను చూచి నవ్వి, వీడు తెలుగువాడు కాడని పేరు పెట్టుట అంతకంటె ముందు మానుదము. అట్టి ప్రశ్న అడిగినందుననే ఒకనాడు ఒక వీరుడు తల వంచుకొనెను.